నాలుగు వందల పన్నెండు మంది చుట్టాలు

మా బావమరిదికి నాలుగు వందల పన్నెండు మంది రక్తసంబంధీకులు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, తోడబుట్టింది ఒక్క అక్క, ఆవిడే మా ఆవిడ. అయినా నాలుగు వందల పన్నెండు మంది. అందులో వాడికంటే పదేళ్ళు పెద్దదైన కూతురు కూడా ఉంది.

సరే, ఆ కూతుర్ని నేను కలిపాను. రక్తం అన్న మాట కూడా కొట్టేయండి. చిన్నప్పుడు కాన్వెంటులో మా సిస్టరు పూర్తి అబద్ధానికి రెండు స్కేలుదెబ్బలు, సగం అబద్ధానికి ఒకటి వేసేది. నేనెప్పుడూ ఒకదానితోనే బయటపడేవాణ్ణి. నాలుగు వందల పన్నెండన్న అంకె మాత్రం నాది కాదు. ఆస్పత్రి కంప్యూటరు చెప్పింది.

వాడు పెద్దాస్పత్రిలో గుమాస్తా. పొద్దున పూట కిటికీ దగ్గర కూర్చుని కొత్తగా చేరే రోగుల ఫారాలు నింపేవాడు. మధ్యాహ్నం నుంచి నేలమాళిగలోని రికార్డు గదిలో ఉండేవాడు. ఇనుప అరలు, తాళ్ళు కట్టిన ఫైళ్ళు, నెత్తిమీద గొట్టంలో నీళ్ళు పారే చప్పుడు. ఎవరి ఫైలు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇంటికి వెళితే ఒక గది, ఒక కుర్చీ, ఒక కంచం. రెండో కుర్చీ కొనుక్కోరా అని ఎన్నిసార్లు చెప్పినా, నేనొచ్చినప్పుడు తను మంచం మీద కూర్చుంటే సరిపోతుందనేవాడు. నేను వెళ్ళేది ఆదివారాలు. మిగిలిన ఆరు రోజులు ఆ గదిలో వాడి గొంతు ఎవరు వింటారో అడుగుదామనుకునేవాణ్ణి. అడగలేదు.

కిందటేడు రికార్డులన్నీ కంప్యూటరులో పెడతామన్నారు. దానికి ముందు ఏ సమాచారం దేనితో ముడిపడి ఉందో బొమ్మ గీయడం నేర్చుకోవాలట. సాయంత్రం నాలుగింటికి క్లాసు, ఆరు వారాలు, చివర్లో పరీక్ష. నెగ్గినవాళ్ళు రికార్డు గదిలో ఉంటారు, తప్పినవాళ్ళు సామాన్ల గోడౌనుకి పోతారు. యాభై ఏడేళ్ళ మనిషికి గోడౌను ఏమంత శిక్ష కాదు. కానీ వీణ్ణి వెతుక్కుంటూ మనుషులు వచ్చే చోటు లోకంలో ఆ నేలమాళిగ ఒక్కటే.

క్లాసు చెప్పే పంతులమ్మకి ముప్పై ఏళ్ళుంటాయి. ఎవరి గురించి, దేని గురించి దాచుకోవాలో దానికో పెట్టె గీయాలని, దాన్ని ఎంటిటీ అంటారని చెప్పింది. రెండు పెట్టెల మధ్య గీత గీస్తే అది రిలేషన్‌షిప్. గీత చివర గుర్తులుంటాయి. ఒకటే అయితే చిన్న అడ్డగీత, చాలా అయితే కాకికాలులా మూడు వేళ్ళు, అసలు లేకపోయినా ఫర్వాలేదంటే సున్నా.

మావాడు మొదటిరోజు ఒకే పెట్టె గీసి, రోగి పేరు, వయసు, వార్డు, డాక్టరు పేరు, డాక్టరు ఫోను నంబరు, అన్నీ అందులోనే కూరాడు. డాక్టరు నంబరు మారితే ఏం చేస్తారని పంతులమ్మ అడిగితే, ఆయన రోగులందరి ఫైళ్ళూ తీసి దిద్దుతానన్నాడు, ఇప్పుడూ అదే చేస్తున్నానన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆదివారం క్యాలెండరు కాగితం వెనక ఆ బొమ్మ నాకు మళ్ళీ గీసి చూపించి, డాక్టరుకి వేరే పెట్టె ఎందుకుండాలో నాకు పాఠం చెప్పాడు. టీ చల్లారిపోయింది.

రెండో వారం అందరూ రోగి పెట్టెలోనే చేరిన తేదీ రాశారు. వీడు లేచి నిలబడ్డాడు. "మనిషి ఒకడే మేడం, రావడం పదిసార్లు. రాకకి వేరే పెట్టె కావాలి." పంతులమ్మ బోర్డు తుడిచేసి, వీడు చెప్పినట్టే మళ్ళీ గీసిందట. ఆ మాట నాకు మూడు ఆదివారాలు చెప్పాడు.

నాలుగో ఆదివారం మాత్రం మా ఇంటి బొమ్మ గీసి పెట్టాడు. ఒక పెట్టెలో నేను, ఒక పెట్టెలో వాడు, మధ్యలో మా ఆవిడ. ఆవిడ పోయి ఆరేళ్ళు.

"నీకూ నాకూ గీత అక్క మీదుగా పోతోంది బావా. ఆ పెట్టె తీసేస్తే మనిద్దరం చెరోపక్క ఉంటాం."

"మరి నా దగ్గర పట్టుకుపోయిన గొడుగు?"

"అది వస్తువు. దాని పెట్టె వేరు."

ఇద్దరం నవ్వబోయి ఊరుకున్నాం.

పరీక్షలో గీయాల్సిన బొమ్మేదో ముందే చెప్పారు, అది వాడు రోజూ నింపే ఫారమే. రోగికీ, రోగి తరఫు బంధువుకీ మధ్య గీత గీయాలి. బంధువు పేరు తప్పనిసరి అని ఫారంలో అచ్చులోనే ఉంది. అంచేత ప్రతి రోగికీ కనీసం ఒకరు. చిన్నపిల్లాడైనా గీసేస్తాడు. వీడు రెండు రోజులు గీయలేకపోయాడు. నన్ను పిలిపించి అప్పుడు చెప్పాడు.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక ముసలాయన కిటికీ దగ్గరకొచ్చాడట. బంధువు ఎవరని అడిగితే వెనక్కి తిరిగి చూశాడట, అక్కడెవరైనా నిలబడి ఉన్నారేమోనని. ఆ గడి ఖాళీగా ఉంటే వార్డులో మంచం ఇవ్వరు. వీడు తన పేరు రాసి, పక్కన కొడుకు అని రాశాడు. తర్వాత అదే అలవాటైంది. ఎవరూ లేనివాళ్ళకి మొదట్లో కొడుకు, కొన్నేళ్ళకి తమ్ముడు, ఈమధ్య బాబాయి. వీడితోపాటు వరసలు కూడా ముసలివయ్యాయి. వార్డు నుంచి కబురొస్తే మెట్లెక్కి వెళ్ళి మంచం పక్కన నిలబడేవాడు. మనిషి పోతే బట్టల సంచి సంతకం పెట్టి తీసుకునేవాడు.

కనీసం ఒకరు అని గీస్తే పరీక్ష నెగ్గుతాడు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. సున్నా గీస్తే అది నిజం. కానీ ఎలా తెలుసని అడిగితే చెప్పాలి. నోరు మూసుకుని కాకికాలు గీసి రారా అన్నాను. నా సలహాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.

వాడు సున్నా గీశాడు. పరీక్షకి వచ్చిన సూపరింటెండెంటు ఆ కాగితం ఎత్తి, ఫారం చదవడం రాదా అన్నాడు. పాత రిజిస్టర్లలోని పేర్లు అప్పటికే కంప్యూటరులో ఎక్కించి ఉన్నాయి. ఫలానా పేరు వెతకండి మేడం అన్నాడు మావాడు. పంతులమ్మ వెతికింది. ఒకే పేరు, నాలుగు వందల పన్నెండు మంది రోగులకి బంధువు.

"ఎవరీయన?"

"నేనే సార్. వాళ్ళకెవరూ లేరు. అందుకే అక్కడ సున్నా ఉండాలి."

పంతులమ్మ, ఈ బొమ్మే సరైనదని సంతకం పెట్టింది. సూపరింటెండెంటు, తప్పుడు రాతలు రాసినందుకు కిటికీ దగ్గర్నుంచి వాణ్ణి తీసేశాడు. రికార్డు గది మిగిలింది. దాంతోపాటు ఒక పని కూడా అప్పగించాడు. ఆ నాలుగు వందల పన్నెండు చోట్లా తన పేరు తనే చెరపాలి.

పదకొండు రోజులు పట్టింది. ఒక్కొక్కళ్ళనీ తెరిచి, పేరు చదివి, గుర్తు తెచ్చుకుని, చెరిపాడు. ముసలాయన్ని ఆఖరికి ఉంచుకున్నాడు. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేచి నాకు ఇవ్వలేదు. నేనే మంచం మీద కూర్చున్నాను.

బల్లమీద ఉద్యోగుల కొత్త ఫారం ఉంది. పాతదాంట్లో బంధువు గడిలో అక్క పేరే ఉండేది, ఆరేళ్ళుగా మార్చలేదు. కొత్తదాంట్లో ఆ గడి ఖాళీ.

"ఇప్పుడు వదిలేయొచ్చు బావా. సున్నా చెల్లుతుంది."

నేను కలం తీసి ఆ గడిలో నా పేరు రాశాను. వరస దగ్గర బావ అని రాసి, అడ్డగీత కూడా గీశాను. వాడు చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పై ఆదివారానికి ఆ గదిలో రెండు కుర్చీలున్నాయి.

ఇదంతా రాసి నిన్న వాడికి చదివి వినిపించాను. చివరిదాకా విని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా. నేనెవరి పక్కనా నా పేరు రాయలేదు. ఆ క్లాసుకి కూడా వెళ్ళలేదు. నాకు గీతలు గీయడమే రాదు."