నీడపట్టున వచ్చిన రంగు

లారీ ఓడల యార్డులుండే తువాస్ వైపు మలుపు తిరగగానే బాలు సీసా మూత తీస్తాడు. పొట్లం చింపి, పొడి నీళ్లలో పోసి, సీసా మెల్లగా ఆడిస్తాడు. ఇంకా పూర్తిగా తెల్లవారని వెలుతురులో ఆ నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి. కళ్లు మూసుకుని పరగడుపునే తాగుతాడు. గొంతు దిగుతుంటే లోపల ఎవరో దీపం వత్తి ఎగదోసినట్టు, ఆ వెలుగు చర్మం కిందుగా పాకుతున్నట్టు ఉంటుంది.

"ఏంరా, మళ్లా తాగుతాండావే? కడుపులో సున్నం కొట్టుకుంటాండావా?" అంటాడు పక్కన కూర్చున్న యాకూబ్. ఈ పరాయి దేశంలో ఇద్దరిదీ ఒకే షిప్‌యార్డు, డార్మిటరీలో ఒకే గది. యాకూబ్‌ది కడప.

"నీకేటిరా, పెళ్లయిపోయినోడివి."

"అయినోణ్ని కాబట్టే చెప్తాండా. పెళ్లయినాక మొగుడి మొగం ఎవురు చూస్తారప్పా?"

లారీలో ఉన్నవాళ్లంతా నవ్వుతారు. బాలూ నవ్వుతాడు. కానీ మొదటి సంబంధం వాళ్ల మాట అతని చెవిలోంచి పోలేదు. వీడియో కాల్ అయిపోయిందనుకుని వాళ్లు ఫోన్ బల్ల మీద పెట్టేశారు, ఆపలేదు. "బొగ్గునాగున్నాడు కదే" అన్న ఆడగొంతు వినబడింది. తర్వాత చాలాసేపు వాళ్లింటి సీలింగ్ ఫ్యానే కనబడింది. బాలు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

బాలుది ఉద్దానంలో, సోంపేట దగ్గర పల్లె. యార్డులో ఓడల డెక్కు మీద తుప్పు గీకే పని. నెత్తిన ఎండ, కాళ్ల కింద ఇనుము. ఇప్పుడు అక్క అరుణ రెండో సంబంధం తెచ్చింది. పిల్ల పేరు లత, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఫొటోలు అటూ ఇటూ వెళ్లాయి. ఆషాఢం వెళ్లాక మాట్లాడుకుందామన్నారు పిల్ల తరఫు వాళ్లు.

ఆ ఆషాఢమే బాలుకు వరమైంది, తెల్లబడడానికి నెల గడువు దొరికింది. ఒక ఆదివారం జురాంగ్‌లో మందుల షాపుకు వెళ్లి, గోడ మీది బొమ్మలో మెరిసిపోతున్న ఆడమనిషిని, తర్వాత తన చెంపను వేలితో చూపించాడు. కౌంటర్లో ఉన్న చైనీస్ అమ్మాయి నవ్వకుండానే రంగు తేలే పొడి పొట్లాల పెట్టె తీసిచ్చింది. "ఎండలో తిరగకూడదు, సరేనా," అంది ఇంగ్లీషులో.

ఆ మాట అతను మనసుకు పట్టించుకున్నాడు. సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లి ట్యాంకు పని కావాలన్నాడు. ఓడ అడుగున చీకటి గదుల్లాంటి ఆ ట్యాంకుల్లోకి దిగే పని ఎవరూ కోరి అడగరు. సూపర్‌వైజర్ అతన్ని ఎగాదిగా చూసి సరేనన్నాడు.

ట్యాంకులో మరో లోకం. పైన గుండ్రటి రంధ్రం నుంచి వెలుగు ఒక్క కాడలా దిగి, దుమ్ములో నిలబడి ఉంటుంది. తుప్పు గీకే గ్రైండర్ ఆపితే ఓడకు నీళ్లు తగిలే చప్పుడు. ఆ చప్పుడులో బాలుకు సన్నాయి వినిపించేది. పెళ్లిపందిట్లో తెర దించుతున్నారు. అటు నుంచి ఒక ముఖం తనను చూస్తోంది, చూసి కళ్లు తిప్పుకోవడం లేదు. పని ముగించి పైకొచ్చేసరికి ఎండ వాలిపోయేది.

నెల గడిచేసరికి అద్దంలో తేడా తెలిసింది. చెంపలు నిండాయి, నలుపు విరిగింది. "నిజమేరా," అన్నాడు యాకూబ్ కూడా, ఈసారి వేళాకోళం లేకుండా. బాలు ఆ మహిమంతా పొట్లానిదే అనుకున్నాడు. ఎండ తగలకపోవడం వల్లే రంగు తేలిందని అతనికి తోచనే లేదు.

శ్రావణం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, డార్మిటరీ మెట్ల దగ్గర వెలుతురు చూసుకుని కూర్చున్నాడు. తెర మీద లత, ఆమె తల్లి. తల్లి అతన్ని చూసింది. చూస్తూనే ఉండిపోయింది. ఫోన్ కూతురి చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంది.

లత ఫోన్ దగ్గరకు తెచ్చుకుంది. "ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఇక్కడున్నన్నాళ్లూ మీ ఊరి బోరునీళ్లే తాగేవోరా?"

"అవును."

"క్రియాటినిన్ ఎప్పుడైనా చూపించుకున్నారా?"

వాళ్ల వైపు ఊరూరా కిడ్నీ జబ్బే, బోరునీళ్ల వల్లనే అంటారు. ఉద్దానంలో అక్షరం రానివాళ్లకు కూడా ఆ మాట వచ్చు. కిడ్నీల కోసం చేసే పరీక్ష అది.

"మా నాన్నా ముందు ఇలాగే తెల్లబడ్డాడండి," అంది లత. "మొకం నిండింది. ఊళ్లో అందరూ రంగొచ్చిందన్నారు. సంవత్సరం తిరక్కుండానే పోయాడు."

నిజం దాస్తే రోగి. నిజం చెబితే వెర్రివాడు. బాలు వెర్రితనమే నయమనుకున్నాడు. ఫ్యాను సంగతి తప్ప పొడి, ట్యాంకు, అన్నీ చెప్పేశాడు. చెబుతుంటేనే అతనికి తెలిసింది, రంగు తెచ్చింది పొడి కాదు, నెల రోజులుగా తాను ఎండ ముఖం చూడకపోవడమేనని.

లత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏటీ! తెల్లబడ్డానికా? ఫొటోలో నల్లగా, ఎండలో నిలబడి నవ్వుతున్నారు. రోగం లేనోడని అది చూసే ఒప్పుకున్నాను."

"రక్తం చూపించి రిపోర్టు పంపుతానండి."

"పంపండి. అమ్మ నమ్మదు. నాన్నకీ మొదట్లో రిపోర్టులు బాగానే వచ్చాయి." గొంతు తగ్గించింది. "ఎండలోకి ఎల్లండి. కొన్నాళ్లు పోయాక ఫోన్ చెయ్యండి. ఈలోగా ఇంకే సంబంధాన్నీ రానివ్వను."

రక్తపరీక్షలో దోషమేమీ లేదని తేలింది. బాలు మళ్లీ డెక్కు ఎక్కాడు. మొదటి రోజు వెలుగుకు కళ్లు విప్పలేకపోయాడు. సముద్రమంతా కరిగిన వెండిలా ఊగుతోంది. లంగరేసిన ఓడలు ఆ వెలుగులో బరువు లేకుండా తేలుతున్నాయి. ఎండ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డట్టుంది. లోపల ఆరిన చోట్లన్నీ మెల్లగా తడి అవుతున్నట్టనిపించింది. హెల్మెట్ కింది పట్టీ మేర తెల్లగా ఉండిపోయి, తక్కిన ముఖం నల్లబడుతూ వచ్చింది. యాకూబ్ అది చూసి కడుపు పట్టుకుని నవ్వాడు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, డార్మిటరీ మైదానంలో కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటే, బాలు నీడ లేనిచోటు వెతుక్కుని నిలబడి ఫోన్ చేశాడు. చెమట కణతల మీంచి కారుతోంది. తుడుచుకోలేదు.

లత చూసింది. "కాస్త అటు తిరగండి," అంది. తిరిగాడు. ఆమె ఫోన్ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. తెర మీద గోడలు, కిటికీ, పొయ్యి మీది గిన్నె ఊగుతూ పోయాయి. చివరకు తల్లి ముఖం వచ్చి దగ్గరగా నిలిచింది. ఆమె కళ్లు అతని నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా దిగాయి.

"అన్నం తిన్నావేటి నాయినా?" అంది ఆమె.