అరచెయ్యి అడ్డం పెట్టే సారు

ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేస్తాను. సగం తగ్గించుకుని చదవండి.

మా నరసరావుపేట బాస్కెట్‌బాల్ జట్టును ఎంచే పీఈటీ సారుకు ఒక అలవాటు ఉండేది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాడు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, మిగతావాళ్లనే చూసేవాడు. ఆ అరచెయ్యి గ్రౌండంతటికీ నీడనిచ్చేది.

మాచర్ల పోటీకి ఆడే అయిదుగురిలో ఒక్క చోటు మిగిలింది, దానికి ఇద్దరున్నారు. ఒకడు సగం కోర్టు నుంచి విసిరినా బుట్టలో పడుతుంది. రెండోవాడు బుట్ట వంకే చూడడు, జారిన బంతి కోసం దుమ్ములో దొర్లుతాడు. మొదటివాడి నాన్న మిర్చి వ్యాపారి. జట్టు వెళ్లాల్సిన వ్యాను ఆయనదే. ఆయన తాళంచెవి తిప్పుతుంటే ఆ గాలికి మా చొక్కాలు ఎగిరాయి.

"మావోడు బెంచీ మీదైతే వ్యాను కదలదు సారూ."



"బుట్టలో వేసేవోళ్లు నలుగురున్నారు బాబాయ్. బంతి తెచ్చిచ్చేవోడే లేడు," అంటూ సారు రెండోవాణ్ణి పిలిచాడు. తాళంచెవి జేబులోకి పోయింది. మేం బస్సులో వెళ్లి కప్పు తెచ్చాం.

ఆ కప్పు మాత్రం నా కల్పన. ఓడిపోయాం. బస్టాండులో వ్యాపారి ఎదురొచ్చాడు.

"ఇప్పుడేమంటావు సారూ?"

"ఓడినా అయిదుగురూ కలిసి ఓడారు బాబాయ్. మీవోడు ఆడుంటే, గెలిచినా వాడొక్కడే గెలిచుండేవోడు."