అచ్చియమ్మ పేడనీళ్ళు

డుంబ్రిగుడ సంతలో మిరపకాయలన్నీ ఒక్క గంపలో పోసినా అచ్చియమ్మ కోపమంత ఘాటుండవు. అది పన్నెండేళ్ళు మాగిన కోపం మరి.

ఇటుకల పండక్కి మగోళ్ళు అడివికి వేటకి పోతారు. ఉత్తసేతుల్తో వస్తే ఆడోళ్ళు నెత్తిమీద పేడనీళ్ళు పోస్తారు. వేట తెస్తే మాత్రం మొదటిముక్క, కార్జం, ఇంటిదానికియ్యాల. పన్నెండేళ్ళ కిందటి పండక్కి ఆవిడ మొగుడు మంగ్లు ఏనుగంత అడివిపందిని తెచ్చాడు. ఊరంతా సూత్తుండగా కార్జం అట్టుకెళ్ళి, తను మరిగిన గంగ సేతిలో ఎట్టాడు. అచ్చియమ్మ అడ్డాకు సాపి అలాగే నిలబడిపోయింది. ఆ రాత్రి నుంచీ మంగ్లు కూడు గంగింట్లోనే.

రెండువేల నాలుగులో మంగ్లుకి మతి పోయింది. పట్నం డాక్టరు దీనికి మందు లేదన్నాడు. మర్నాడే గంగ ఓ కాఫీతోట మేస్త్రి ఎనకాల అనంతగిరి సెక్కేసింది. మంగ్లు మళ్ళీ అచ్చియమ్మ గుమ్మంలో పడ్డాడు.

ఇప్పుడాడికి రోజూ ఇటుకల పండగే. తెల్లారితే విల్లు కావాలంటాడు. అచ్చియమ్మ విల్లు ఇత్తాది, బాణాలియ్యదు. సోళ్ళ సేల్లో తిరిగి తిరిగి పొద్దుగూకేసరికి వస్తాడు. ఆవిడ కుండతో తయారు.

"ఏటి మావా, వేట పడలేదా?"

"పడలేదే."

దబ్బున పేడనీళ్ళు నెత్తిమీద. నిన్నటిది గేపకముండదు గదా, ఆడికి రోజూ కొత్త సిగ్గే. తరవాత ఆవిడే నీళ్ళు కాసి, వీపు రుద్ది, అంబలి తాగిత్తాది.

"ముసిలోడి మీద అంత కసేటే?" అంది పక్కింటి కృపావతి.

"కసేటి వదినా. ఆసారం."

ఓ సాయంత్రం ఆడు కృపావతి కోడిపెట్టనే మెడ పిసికి తెచ్చాడు. రెండు సేతుల్తో అందించాడు. "గంగా, నీకే."

అచ్చియమ్మ కుండ ఎత్తబోయి దించేసింది. "తే మావా" అంది.

కూర వండి, ఆడి ఎదురుగానే కూకుని, ముందు కార్జం తింది. ఆడికి అంబలి గిన్నె ఎట్టింది.

"గంగా, అచ్చికో ముక్క ఉంచవా?"

ఆవిడ నవిలింది, మింగింది, ఏళ్ళు నాకింది. "అచ్చికి నువ్వెప్పుడన్నా ఉంచావా?"

ఆడు గేపకాల్లో ఎతుక్కున్నాడు. "లేదు" అన్నాడు, తల ఒంచుకుని. కళ్ళంట నీళ్ళు.

ఆ ఒక్క మాటకి అచ్చియమ్మ నవ్విన నవ్వుకి అరకు దాకా కుక్కలు లేచి మొరిగాయి. ఎముకలు కూడా మిగల్సలేదు. కృపావతికి నక్కెత్తుకుపోయిందని సెప్పింది.

తెల్లారి ఆడు అడక్కముందే విల్లు సేతికిచ్చింది.

"నిన్న కోడితో సరిపెట్టావు మావా. ఇయ్యాల పందే తేవాల" అంటా, కుండలో పేడ కలపడానికి కూకుంది.