ట్యూబులైటు కింద నాలుగు బొట్లు

సత్తెనపల్లి వెళ్ళే దారిలో, మా ఊరి చివరనున్న జిన్నింగు మిల్లులో వెలుతురు మూడు విడతలుగా మారింది. మూడూ నేను చూశాను.

మొదట లాంతర్లు. పత్తికి నిప్పంటుకుంటుందని వాటిని లోపలికి రానిచ్చేవారు కాదు, అద్దాల కిటికీల అవతల వేలాడదీసేవారు. అందిన వెలుగులోనే ఆడవాళ్ళు గింజ తీసే జిన్నులకు పత్తి అందించేవారు. నేను హైస్కూల్లో ఉండగా కరెంటు వచ్చింది, దానితో బల్బులు వచ్చాయి. బల్బు తినే కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. గాలిలో ఎగిరే దూది నూగు ఆ వేడి గాజు మీద వాలి, మాడి, గోధుమరంగు పెచ్చుల్లా రాలేది. రాలినప్పుడల్లా కిందున్నవాళ్ళు భయంగా తలెత్తి చూసేవారు. అరవైల నడుమ, నేను గుంటూరు పాలిటెక్నిక్‌లో చివరి ఏడు చదువుతుండగా ట్యూబులైట్లు పెట్టారు. తక్కువ కరెంటు, ఎక్కువ వెలుగు, తాకినా కాలని గొట్టం. దూదిలో ఇరుక్కున్న గింజ ముక్క కూడా కనిపిస్తోందని ఆడవాళ్ళు మురిసిపోయారట.

మా అక్క భర్త ఆ మిల్లులోనే పనిచేసేవాడు. మోటార్లకు నూనె వెయ్యడం, జారిన బెల్టులు ఎక్కించడం, ఇరుసుకు చుట్టుకున్న దూదిని కోసి తియ్యడం అతని పని. నాన్న పోయాక నన్ను చదివించింది అతనే. సంత రోజున మాత్రం కల్లు తాగేవాడు. అక్క సాధించేది.

జిన్నుకొక మోటారు ఉండేది. దాని బెల్టు చక్రం, అదే పుల్లీ, ఆకులు లేని నున్నటి ఇనప పళ్ళెంలాంటిది. దసరాకు ఆయుధపూజ నాడు మోటార్ల స్విచ్చులు చూసే మేస్త్రీ ప్రతి పుల్లీ మీదా నాలుగు వైపులా నాలుగు బొట్లు పెట్టేవాడు. ఆయన సాయిబు. అయినా మోటార్లు తనవని, ఆ బొట్లు ఇంకొకరిని పెట్టనిచ్చేవాడు కాదు. కుంకుమ చెరిగితే ఎర్ర రంగుతో దిద్దేవాడు, ఎందుకంటే వాటితో ఏడాది పొడుగునా అవసరం ఉండేది. అన్ని మోటార్ల హోరులో ఒకటి ఆగిందో లేదో చెవికి తెలియదు. నున్నటి పుల్లీ తిరుగుతున్నా ఆగినా కంటికి ఒకటే. బొట్లు కలిసిపోయి ఎర్రటి వలయంగా కనిపిస్తే తిరుగుతున్నట్టు, విడివిడిగా నాలుగూ కనిపిస్తే ఆగినట్టు. "అమ్మవారు కనపడితేనే చెయ్యి పెట్టు" అన్నది ఆ మిల్లులో కొత్తవాళ్ళకు చెప్పే మొదటి మాట.

ట్యూబులైట్లు వచ్చిన వారంలోనే, ఒక సంత రోజు దీపాలు వేసే వేళ, బావ కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఒక జిన్నుకి పత్తి అయిపోయింది. ఇరుసుకు దూది చుట్టుకుందని బావ మోటారు ఆపమని చెయ్యి ఎత్తాడు. అవతలివైపు తిరిగి ఉన్న మేస్త్రీ చూడలేదు, స్విచ్చి తియ్యలేదు. తిరిగే చక్రంలో చెయ్యి పెట్టాడంటే తాగి ఉంటాడని మిల్లు యజమాని అన్నాడు. ఊరంతా అదే అంది.

గుంటూరు ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి అక్క కూడా అదే అంటోంది.

"తాగలేదే. ఆ రోజు చుక్క ముట్టలేదు" అన్నాడు బావ. "అమ్మవారు కనపడిందే. నాలుగు బొట్లూ లెక్కపెట్టాను."

"లెక్కపెట్టడం వచ్చినవాడివి, మిగిలిన వేళ్ళు కూడా లెక్కపెట్టుకో" అని ముఖం తిప్పుకుని ఏడ్చింది.

చెయ్యి పోయినందుకు కాదు, ఆవిడ నమ్మనందుకు బావ కుంగిపోయాడు. ఆసుపత్రిలో ఇచ్చిన రొట్టె ముట్టలేదు.

నేను మిల్లుకి వెళ్ళి మేస్త్రీని అడిగాను. "కొత్త లైట్లు వచ్చాక బొట్లు వెనక్కి నడుస్తున్నాయని ఆడవాళ్ళు నవ్వుకుంటున్నారు బాబూ. నేనూ చూశాను. కళ్ళు మసకేశాయేమో అనుకున్నా" అన్నాడాయన. అప్పుడు నాకు అర్థమైంది. బల్బులో తీగ ఎప్పుడూ ఎర్రగా కాగి ఉంటుంది కనక వెలుగు తెగదు. ట్యూబు కరెంటు లయకు తగ్గట్టు క్షణానికి ఎన్నోసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. మోటారు వేగం కూడా ఆ లయకే కట్టుబడి ఉంటుంది. ఒక మినుకుకీ మరో మినుకుకీ మధ్య పుల్లీ సరిగ్గా పావు చుట్టు తిరిగితే, ఒక బొట్టు ఉన్నచోటికి పక్క బొట్టు వచ్చి నిలుస్తుంది. పత్తి పడుతూ మోటారు బరువు లాగుతున్నప్పుడు వేగం కొంచెం తగ్గి, బొట్లు వెనక్కి నడిచినట్టుంటాయి. పత్తి అయిపోయి బరువు తగ్గితే దాదాపు కదలవు. దూది తీసేది సరిగ్గా అప్పుడే.

బావ ఆసుపత్రి నుంచి వచ్చాక, ఒక సాయంత్రం యజమానిని బతిమాలి ఆ మోటారు వట్టిగా తిప్పించాను. చుట్టూ మిగతా మోటార్లు హోరెత్తుతూనే ఉన్నాయి. బావ, అక్క కూడా వచ్చారు. పైన ట్యూబు వెలుగుతోంది. బొట్లు నాలుగూ పుల్లీ మీద నిలబడి ఉన్నాయి.

"మరి వేరే మిల్లుల్లో ఎవరికీ తెగలేదేం?" అన్నాడు యజమాని.

"వాళ్ళ పుల్లీల మీద బొట్లు ఉండవేమోనండీ."

"అయితే బొట్టు పెట్టడం తప్పంటావా?"

"ఈ వెలుగులో దాన్ని నమ్మడం ప్రమాదమంటున్నానండీ."

మేము మాట్లాడుకుంటుంటే అక్క పుల్లీకి దగ్గరగా వెళ్ళింది. "దేనికీ వాదన? ఆపేశారుగా" అంటూ ఇరుసు మీది దూది వైపు చెయ్యి చాపింది. మేస్త్రీ ఒక్క అంగలో వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. "తిరుగుతోందమ్మా!" అని అరిచాడు.

ట్యూబు ఆర్పి, తీగకు వేలాడదీసి ఉంచిన బల్బు వేశాను. నాలుగు బొట్లూ ఒక్కసారిగా కరిగి ఎర్రటి వలయమైపోయాయి. అక్క దాన్ని చూసింది, తన చేతిని చూసుకుంది, తర్వాత బావ వైపు చూసింది.

"నువ్వు తాగలేదు" అంది.

బావ ఎడంచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

యజమాని వంగి పుల్లీని దగ్గరగా చూశాడు. ప్రతి మోటారు దగ్గరా నూగు పడని గాజు బుడ్డిలో ఒక బల్బు పెట్టమని, అన్నీ ఒకేసారి మినుకకుండా పక్కపక్క ట్యూబులను కరెంటులోని వేర్వేరు ఫేజులకు కలపమని నేను చెప్పింది విన్నాడు, మర్నాడే చేయించాడు. ట్యూబులు తీసేయమని నేనూ అనలేదు. వాటి వెలుగు మంచిదే, నిప్పు భయం తగ్గించినదీ అవే.

బావ ఉద్యోగం సంగతి అడిగాను.

"ఒంటి చేత్తో బెల్టు ఎక్కిస్తాడా? నువ్వే చెప్పు, చదువుకున్నవాడివి" అన్నాడు.

"తాగాడన్న మాటైనా తీసెయ్యండి."

"ఊళ్ళో నేననడం మానేస్తాను. అనేవాళ్ళని ఆపడం నా వల్ల కాదు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఊరు అనడం మానలేదు. అక్క మాత్రం ఎవరన్నా ఆ మాటంటే వాళ్ళ గుమ్మం ముందుకు పోయి, వీధి వీధంతా వినేలా దులిపి వచ్చేది. ఇల్లు గడవాలి కనక, ఆ నెలలోనే ఆవిడ అదే మిల్లులో జిన్నుకి పత్తి అందించే పనిలో చేరింది. పొద్దున వెళ్ళేముందు బావకు అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టి వెళ్ళేది. ఎడంచేత్తో తినడం అతనికి ఇంకా అలవాటు కాలేదు.