ఖాసింబీ చాచీ కళాయి గిన్నె

మా చిన్నప్పుడు... లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వంటింటికీ, ఖాసింబీ చాచీ వంటింటికీ మధ్య ఒకటే గోడ, అందులో చిన్న కిటికీ. చాచీ తిరగమోత వేస్తే మా ఇంట్లో తుమ్ములు!

ఆ కిటికీలోంచి రోజూ ఒక కళాయి గిన్నె తిరుగుతూ ఉండేది... అటు నుంచి ఖట్టా దాల్, ఇటు నుంచి అమ్మ వండిన గోంగూర. గిన్నె మాత్రం ఖాళీగా వెనక్కి పోకూడదు. మా అమ్మకి ఆదివారం చర్చి ఎంతో, అదీ అంతే.

నిజాం మీదికి సైన్యం దిగిన పోలీసు చర్య రోజులొచ్చాయి. మోండా మార్కెట్ మూత, కూరల బండి రాదు, పూటకో పుకారు. ఎవరి తలుపులు వాళ్లు బిగించుకున్నారు. సరిగ్గా అప్పుడే చాచీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది.

మేమే గంజి తాగుతున్నాం, అందులో వేసి పంపడానికి ఏముంది? అమ్మ దాన్ని తోమి బోర్లించి, చాచీకి మొహం చూపించలేక కిటికీ కూడా మూసేసింది. ఇచ్చేద్దామని నేను ఒకటే పోరు.

"ఉత్త గిన్నె ఎట్ల పంపుతరే? ఇజ్జత్ ఉంటదా?" అంది అమ్మ.

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది... గోడకవతల వాళ్లు ఏమనుకుంటారోనన్న ఆలోచన రావొద్దూ?

గొడవలు కాస్త సద్దుమణిగాక చాచీ మా గుమ్మం ముందుకొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ముసల్మానులమని కిటికీ మూస్తివి గద చెల్లె. నా గిన్నె నాకియ్యి."

అమ్మ గబగబా లోపలికెళ్లింది. గంజి కుండ తెచ్చి చూపించి, ఎందుకు పంపలేదో ఎలాగో చెప్పింది. చాచీ గడప మీదే కూలబడింది.

"గిన్నె ఇజ్జత్ జూస్తివి... మేం బతికున్నమో లేదో జూడవైతివి," అంది.

అమ్మ ఏడుస్తూనే, ఇంట్లో మిగిలిన ఉప్పంతా గిన్నెలో పోసి ఇచ్చింది. తీరా తెలిసిందేమిటంటే, వాళ్లు అన్ని రోజులూ ఉప్పు లేక చప్పిడి అన్నమే తిన్నారట. కిటికీ మూసుకున్న ఇంటిని ఏమని అడుగుతారు? ఉప్పు చేతికిస్తే జగడమొస్తుందంటారు... మాకు ఇవ్వకపోతేనే వచ్చింది.

ఆ సాయంత్రం కిటికీ తెరుచుకుంది. మళ్లీ ఎప్పుడూ మూయలేదు.

ఇప్పుడు నేనుండేది సీతాఫల్‌మండిలో అపార్ట్‌మెంట్. మొన్న ఎదురింటి అమ్మాయికి స్టీలు డబ్బా నిండా గోంగూర పచ్చడి ఇచ్చాను. నిన్న పొద్దున తలుపు తీస్తే, డబ్బా తళతళా కడిగి గుమ్మం బయట పెట్టి ఉంది. బెల్లు కూడా కొట్టలేదు. ఆ పిల్లని అనడానికేముంది, మంచిదే... తనకెవరు చెప్పారు గనక!

అయినా చేయి ఊరుకోదు కదా... మూత తీసి చూశాను.

మీ ఇళ్ల మధ్య తిరిగిన గిన్నెల్లో ఏం వచ్చేవో చెప్పండి... వినైనా కడుపు నింపుకుంటాను.