ఊరికి సెప్పమన్నానేటి?

నాన్న ఉద్యోగం మమ్మల్ని పెదబయలు కొండెక్కించినా అమ్మ బేరం పద్ధతి మారలేదు. ధర మాట ముందు ఎత్తదు. కష్టసుఖాలు చెప్పుకుంటుంది, విన్నవాడు మొహమాటపడి తగ్గిస్తాడు. మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి సంతలో మాకు ఏడాదికి సరిపడా రాజ్మా కొన్న మనిషి.

పోయిన చలికాలం బజారులో బట్టల కొట్టాయన మెసేజింగ్ యాప్‌లోనూ దుకాణం తెరిచాడు. అక్కకి స్వెటరు కావాలని అమ్మ అందులో వాయిస్ మెసేజ్ పెట్టింది.

"బాగున్నావా బాబూ? మా పెద్దగుంటకి నెల తప్పింది. పోయినసారి నిలవలేదు. సలికి తట్టుకోలేకపోతంది. కొంచెం సూసి ఏసుకో బాబూ."

ధర తగ్గలేదు. సాయంత్రానికల్లా, సగం ఊరున్న కొట్టు గ్రూపులో, అమ్మ నంబరు పక్కన పూలగుత్తి వెలిసింది: 'కాబోయే అమ్మమ్మగారికి అభినందనలు! పసిబట్టలపై ఆఫర్!'

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని అక్క మా చేత ఒట్టు వేయించుకుంది. పోయినసారి కడుపు పోయినప్పుడు, పరామర్శలకు జవాబు చెప్పలేక మంచం పట్టింది. ఇప్పుడు ఆ పూలగుత్తి చూసి తలుపేసుకుంది.

పొద్దున్నే అమ్మా నేనూ కొట్టుకు వెళ్లాం.

"నేను పెట్టలేదమ్మా. వాయిస్‌లో మాటలు పట్టుకుని సిస్టమే పంపించేస్తుంది," అన్నాడాయన.

"అయితే సిస్టం గారిని పిలవండి. అక్కకి క్షమాపణ చెప్పి వెళ్తారు," అన్నాను.

"అయినా మీరే కదండీ చెప్పారు?" అన్నాడు అమ్మతో.

"నీకు సెప్పాను బాబూ. ఊరికి సెప్పమన్నానేటి?"

ఆయన గబగబా డిలీట్ చేశాడు. కొట్టులో చీరలు తిరగేస్తున్న ఆడవాళ్లు మాత్రం డిలీట్ కాలేదు. అందరి చెవులూ ఇటే.

అంతలో అక్క వచ్చింది. వాళ్లవైపు తిరిగి, గొంతు పెంచకుండా చెప్పింది. "నిలిస్తే నానే సెప్తాను. నిలవకపోతే ఎవులూ నన్ను అడగడానికి రావొద్దు."

చీర మడత విప్పిన ఆవిడ మళ్లీ మడతపెట్టేసింది.

బయటికొచ్చాక అమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. "ఒలే, ఆ కొట్టు నంబరు తీసెయ్యి."

బ్లాక్ చేశాను.

"ఆడికి తెలుస్తాదా?"

"తెలీదమ్మా."

"మరైతే ఉండు," అని అమ్మ వెనక్కి తిరిగి కొట్టు మెట్లెక్కింది, చెప్పి రావడానికి.