తమ్ముణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లిన ఉదయం

మా పేట రాజమండ్రిలో గోదావరి గట్టుకి ఆనుకుని ఉంటుంది. చేపల పని మీద బతికే కుటుంబాలే ఎక్కువ. నాన్న వల వేసేవాడు. ఆయన పోయాక అమ్మ మార్కెట్లో చేపలు అమ్మింది, అమ్మకి మోకాళ్లు పట్టేశాక ఆ చోట్లో నేను కూర్చున్నాను. అప్పటికే నా కాపురం చెదిరి పుట్టింటికి వచ్చేశాను. తమ్ముడికి ట్రాలీ ఆటో ఉండేది. చీకటితోనే అంతర్వేది వైపు సముద్రపు రేవుకి వెళ్లి, థర్మాకోల్ పెట్టెల్లో ఐసు పోయించి చేపలు తెచ్చేవాడు. వాడు తెచ్చేవాడు, నేను అమ్మేదాన్ని. అలా ముగ్గురం బతికాం.

మొదట్లో గట్టు మీద సాయంత్రాలు నలుగురైదుగురు కుర్రాళ్లు కూర్చునేవారు. వాళ్ల దగ్గర్నుంచి వచ్చే వాసన ఏంటో మాకు తెలిసేది కాదు. కొన్నాళ్లకి పేటలో పసిపిల్లలు కూడా ఆ వాసన పేరు చెప్పడం మొదలెట్టారు. ఏజెన్సీ కొండల్లోంచి గంజాయి దిగేది మా ఊరి మీదుగానే. దిగేటప్పుడు కొంత ఇక్కడ ఆగి, పొట్లాలై సందుల్లోకి వెళ్లేది. మా పేటకో జట్టు, పక్క పేటకో జట్టు. ఒకరి సందులో ఇంకొకరు అమ్మితే కత్తులే. ఒకసారి పట్టపగలు కుళాయి దగ్గర మేం నీళ్లు పట్టుకుంటుండగానే ఒకడి చెయ్యి బ్లేడుతో కోసేశారు. బిందెలు వదిలేసి పరిగెత్తాం. ఆ కోత పడినవాడు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నాడు. ఆ చేత్తో ముద్ద కలుపుకోలేడు.

మా పేట జట్టుకి పెద్దగా తిరిగేవాడు మా ఎదురింట్లో పుట్టినవాడే. చిన్నప్పుడే తల్లి పోతే చాలా పూటలు మా అమ్మ చేతి అన్నం తిని పెరిగాడు. తర్వాత్తర్వాత పేటంతా వాణ్ణి అన్నా అని పిలిచేది. వాడు మాత్రం నన్ను అక్కా అనేవాడు, అమ్మని పిన్నీ అనేవాడు.

ఆ రోజు తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. ఆటో మార్కెట్ గేటు దగ్గర ఆపి, "ఆ చివరి పెట్టె దించకక్కా. వేరేవాళ్లది," అని టీ తాగడానికి వెళ్లాడు. మిగతావి దించేసరికి హోటలాయన వచ్చి వంజరం అడిగాడు. దించిన పెట్టెల్లో లేదు. చివరి పెట్టెలో ఉంటుందేమో, తర్వాత సర్దుకోవచ్చులే అనుకుని మూత తీశాను. పైన రెండు వరసల చేపలు, ఐసు. చెయ్యి లోపలికి పెడితే గట్టిగా తగిలింది. గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు. చేపల నీచులోంచి కూడా ఆ గట్టు మీది వాసన నా ముక్కుకి కొట్టింది.

మూత పెట్టేశాను. హోటలాయనకి లేదని చెప్పి పంపేశాను. తమ్ముడు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏంట్రా అది?"

"మెల్లిగా మాట్లాడక్కా. ఎదురింటాడు ఈ ఒక్కసారే అన్నాడు."

"నా మొహం చూసి చెప్పు. ఎన్నిసార్లు?"

వాడు చూడలేదు. "వద్దంటే ఊరుకోడక్కా. అమ్మ ఒక్కతే ఉంటది కదా ఇంట్లో, అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమనాలి?"

నేను పెట్టె మీద కూర్చున్నాను. గోదాట్లో పారేద్దామనుకున్నాను. పారేస్తే సరుకు ఏదని వీణ్ణే చంపుతారు. చూడనట్టు ఊరుకుంటే మరో పెట్టె వస్తుంది. అంతకుముందు ఏడాదే మా వీధిలో ఇలాగే సరుకు మోసిన ఒకడు కనపడకుండా పోయాడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర తేలాడు. వాడి భార్య గుర్తుపట్టడానికి వెళ్లినప్పుడు తోడు వెళ్లింది నేనే. ఆ మనిషిని చూశాక వారం రోజులు చేప కొయ్యలేకపోయాను.

లేచి, "ఆటో తియ్యి," అన్నాను.

"ఎక్కడికి?"

"స్టేషన్‌కి."

"నన్ను పట్టిస్తావా అక్కా?"

"పట్టించట్లేదురా. నీతో వస్తున్నాను. నువ్వే చెప్తావు. నేను పక్కన ఉంటాను."

"జైల్లో పెడతారక్కా!"

"పెడితే వచ్చి చూస్తాను. గోదాట్లో తేలితే ఎవర్ని చూడను?"

వాడు ఏడ్చాడు. పారిపోవాలనుకుంటే పారిపోగలిగేవాడే, తాళం వాడి చేతిలోనే ఉంది. చాలాసేపు హ్యాండిల్ పట్టుకుని కూర్చుని, చివరికి బండి స్టార్ట్ చేశాడు.

స్టేషన్‌లో ఎస్సైగారు చిన్నవయసాయన. పెట్టె చూసి, మమ్మల్ని చూసి, "ఇతనెవరమ్మా?" అన్నారు.

"మా తమ్ముడండి."

"మీరు తీసుకొచ్చారా?"

"ఆడే వచ్చాడండి. నేను తోడొచ్చాను. ఆ మాట రాయండి బాబూ, ఆడే వచ్చాడని."

ఆయన కానిస్టేబుల్‌తో నాకు కుర్చీ వేయించారు. తమ్ముడు మొదట్నుంచీ అంతా చెప్పాడు. దారిలో ఎక్కడ ఎక్కించారో, ఎవరు పంపారో, ఎక్కడ దించాలో. ఎదురింటివాడి పేరు దగ్గరికొచ్చేసరికి నా వైపు చూశాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. చెప్పాడు.

ఆటో అక్కడే ఉండిపోయింది. వాడూ ఉండిపోయాడు. నేను నడిచి ఇంటికొచ్చాను.

అమ్మకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. "కన్నదాన్ని నేను బతికుండగా ఆణ్ణి అప్పజెప్పడానికి నువ్వెవరివే?" అంది. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. నాకు అన్నం వండి పెట్టేది, నా చీరలు కూడా ఉతికేది, మాట మాత్రం లేదు. ఒకే గదిలో పడుకుని ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండేవాళ్లం.

ఎదురింటివాణ్ణి కూడా పట్టుకెళ్లారు, కొన్నాళ్లు కనపడలేదు. తర్వాత బెయిలు మీద తిరిగి వచ్చాడు. వచ్చిన వారంలోనే మార్కెట్లోకి బండి మీద ఇద్దరు వచ్చి నా బేసిన్ తన్నారు. చందువాలు, రొయ్యలు అన్నీ మురిక్కాలవ పాలయ్యాయి. చుట్టుపక్కల అందరూ చూసి తల తిప్పుకున్నారు. నాకు కోపం రాలేదు, భయం అందరికీ ఉంటుంది. మర్నాడు అదే చోట కూర్చున్నాను. ఐసు కొట్టాయన ఐసు ఇవ్వనన్నాడు, "నన్నొదిలెయ్యమ్మా," అని దణ్ణం పెట్టాడు. వేరే కొట్టు నుంచి నెత్తిన మోసుకొచ్చుకున్నాను. మా వీధిలోనే ఉండే ఒక ముసలావిడ కూడా మార్కెట్లోనే అమ్ముతుంది. ఆవిడ ఒకరోజు తన కత్తిపీట తెచ్చి నా పక్కన వేసుకుంది.

"నీకెందుకు మామ్మా ఈ గొడవ?" అన్నాను.

"ఇద్దరం ఉంటే ఒక బేసినన్నా మిగులుద్ది," అంది.

జైలు ములాఖాత్‌కి వెళ్తే మొదట్లో తమ్ముడు బయటికి వచ్చేవాడు కాదు. నాకు చెప్పి పంపేవారు, రానంటున్నాడని. మళ్లీ వారం వెళ్లేదాన్ని. అలా ఎన్ని వారాలు తిరిగానో. ఒకరోజు ఇనప జాలీ వెనక నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"అమ్మ మాట్లాడుతుందా?" అన్నాడు.

"నాతో లేదు."

కొంచెం నవ్వాడు. "లోపల మన పేటోళ్లు చాలామంది ఉన్నారక్కా. బయటికెళ్లాక మళ్లీ ఆడి దగ్గరికే అంటున్నారు. ఇంకెక్కడికెళ్తాం అంటున్నారు."

"మరి నువ్వు?"

"రేవుకెళ్తాను. ఆటో లేకపోతే ఐసు కొట్టే పనన్నా దొరుకుద్ది కదా."

బెయిలు రావడానికి చాలా నెలలు పట్టింది. తనంతట తనే వచ్చి చెప్పాడన్న మాట కాగితం మీద ఉండటం పనికొచ్చిందని లాయరుగారు అన్నారు. తమ్ముడు ఇంటికొచ్చిన మూడు రోజులకి, మధ్యాహ్నం, ఎదురింటివాడు మా గుమ్మంలోకి వచ్చాడు. వెనక బండి మీద ఇద్దరు. తమ్ముడు లోపల ఉన్నాడు. నేను పెరట్లో చేపలు కడుగుతున్నాను. గొంతు విని చేతులు తుడుచుకోకుండానే వచ్చాను. అప్పటికే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"పిన్నీ, ఆడున్నాడా?"

"ఉన్నాడు. రాడు."

"రెండు మాటలు మాట్లాడి పంపేస్తాను."

"ఆకలేస్తే చెప్పరా, ఇప్పుడన్నా అన్నం పెడతాను. తినేసి ఎళ్లు. నా కొడుకునడక్కు."

"ఆడు నా పేరు చెప్పాడు పిన్నీ."

"రేపు కోర్టులో అడిగితే నేనూ చెప్తాను," అంది అమ్మ. రెండు చేతులూ గుమ్మం చెక్కల మీద పెట్టింది. "నీకు నేను పెట్టిన ముద్దలు కూడా చెప్తాను. ఈ ఇంటి గడప దాటాలంటే ముందు నన్ను పడదొయ్యి."

నేను వెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను. మార్కెట్ ముసలావిడ తన ఇంట్లోంచి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. వాడు మా అందరి మొహాలూ చూశాడు. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

అమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. నా వైపు తిరిగింది. "అలా నిలబడ్డావేంటే? కూర అడుగంటుతోంది చూడు," అంది.

అన్ని నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. పొయ్యి దగ్గరికెళ్లి గరిటె తిప్పుతూ ఏడ్చాను.

తమ్ముడు ఇప్పుడు రేవులోనే ఉంటున్నాడు, పడవల దగ్గర ఐసు పని. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజున పొద్దున్నే బస్సు దిగి, నాతో టీ తాగి కోర్టుకి వెళ్తాడు. ఎదురింటివాణ్ణి తర్వాత వేరే కేసులో తీసుకెళ్లారు. వాడి చోట్లో ఇంకొకడు కూర్చున్నాడు. గట్టు మీద వాసన పోలేదు. పోయిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

మొన్న సాయంత్రం బేసిన్ కడుగుతుంటే మా వెనక సందులో ఉండే ఒకావిడ వచ్చి దూరంగా నిలబడింది. రమ్మంటే దగ్గరికొచ్చింది. వాళ్లాయన మేస్త్రీ దగ్గర పనికెళ్తున్నానని చెప్పి ఏజెన్సీ వైపు వెళ్తున్నాడట. తెచ్చిన గంజాయి సంచి ఇంట్లోనే పెట్టాడట.

"స్టేషన్‌కెళ్తే ఏమవుద్దక్కా? భయమేస్తుందండి," అంది.

నేను ఆవిడకి ధైర్యం చెప్పలేదు. ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెప్పాను. జైలు గురించి, బేసిన్ తన్నడం గురించి, మా అమ్మ మౌనం గురించి. ఆవిడ అంతా విని చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన్ని నిన్న రాత్రే ఒప్పించాను," అంది. "మీరు తోడొస్తారా?"

"పొద్దున్నే రండి," అన్నాను. "చేపలు మామ్మకి అప్పజెప్పి వస్తాను."